టెంట్ వాళ్లది, పడక మనది: పిల్లలతో మొదటి క్యాంపింగ్‌కు ఏది మేలు?

కార్తీకం దాటి చలి మొదలైందంటే ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. పిల్లలతో లంబసింగి వెళ్దామనుకుంటున్నాం, సొంత టెంట్ కొనుక్కోవాలా, అక్కడ వేసి ఉంచిన టెంట్ తీసుకోవాలా, కాటేజీలో దిగడమే మంచిదా? అరకు అయినా, వంజంగి అయినా, గండికోట అయినా, వికారాబాద్ దగ్గరి అనంతగిరి అయినా ప్రశ్న మారదు. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే పది టెంట్లు పోల్చి చూసి, ఏ రంగు కొనాలన్న దాకా వచ్చేసి ఉంటారు. కింద ఏం పరుచుకోవాలో మాత్రం అడగరు. నా లెక్కలో మొదటి ట్రిప్పు బాగుపడేదీ చెడేదీ అక్కడే.

పగలంతా ఎలాగూ బాగానే గడుస్తుంది. కొండ, మబ్బు, చలిమంట, మొక్కజొన్న పొత్తులు, పిల్లలకు ఇంకేం కావాలి? అసలు పరీక్ష రాత్రి 2 గంటల నుంచి తెల్లవారుజామున 6 లోపు. ఆ నాలుగు గంటలు పిల్లలు నిద్రపోతే వచ్చే ఏడాది వాళ్లే తీసుకెళ్లమని అడుగుతారు. చలికి లేచి ఏడుస్తూ కూర్చుంటే కారులో హీటర్ వేసుకుని తెల్లవార్చాల్సి వస్తుంది. అందుకే ఈ పోలికలో టెంట్ గురించి క్లుప్తంగా, పడక గురించి వివరంగా చెబుతాను.

మూడు దారులు

మొదటిది, క్యాంపు వాళ్లు వేసి ఉంచిన టెంట్. అరకు, లంబసింగి, గండికోట చుట్టుపక్కల స్థానికులు నడిపే చోట్ల ఎక్కువగా కనిపించేవి ఇద్దరికీ ముగ్గురికీ సరిపోయే గుమ్మటం టెంట్లు. రెండు ఫైబర్ రాడ్లు ఒకదానికొకటి అడ్డంగా వంచి నిలబెడతారు. దారిలో ఆలస్యమై చీకటి పడ్డాక చేరినా ఇబ్బంది ఉండదు. లోపం ఏమిటంటే సీజనంతా వాడిన సరుకు. జిప్పు పళ్లు పోయి ఉండొచ్చు, దోమతెర చిరిగి ఉండొచ్చు. లోపల పరిచే పరుపు సంగతి కింద చెబుతాను.

రెండోది సొంత టెంట్. శుభ్రత మన చేతిలో ఉంటుంది, సైజు మనకు తగ్గట్టు ఎంచుకోవచ్చు. అయితే దాన్ని ఎక్కడ పడితే అక్కడ వేయలేం. అడవిలో వేయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, పులుల అభయారణ్యంలో ఆ ఆలోచనే పెట్టుకోకూడదు. కాబట్టి సొంత టెంట్ ఉన్నా చివరికి వేసేది క్యాంపు స్థలంలోనే. అలాంటప్పుడు మొదటిసారికే కొనడం వల్ల కలిసొచ్చేది తక్కువ.

మూడోది కాటేజీ, లేదా స్విస్ టెంట్. స్విస్ టెంట్ అంటే పేరుకే టెంట్, నిజానికి గుడ్డ గోడల గది. మంచాలు, ఫ్యాను, వెనకే బాత్రూమ్ ఉంటాయి. ఏడాదిలోపు పసిపిల్ల ఉన్నా, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మా తాతయ్యలు వస్తున్నా మారు మాట లేకుండా ఇదే తీసుకోండి. పసిపిల్లల్ని స్లీపింగ్ బ్యాగులోనో బరువైన రగ్గుల కిందో పడుకోబెట్టకూడదు. ముఖం కప్పుకుపోతే వాళ్లకు తీసుకోవడం తెలియదు. పెద్దవాళ్లకు వంగి టెంట్‌లోకి దూరడం, నేల మీంచి లేవడం కష్టం.

ఇక కారులో పడుకోవడం, క్యారవాన్ అద్దెకు తీసుకోవడం. కారులో ఇద్దరు పెద్దవాళ్లే సరిగా పడుకోలేరు, నలుగురి మాట వదిలేయండి. తప్పనిసరి అయితే అద్దాలు రెండు వేళ్ల సందు తెరిచి ఉంచాలి, ఇంజిన్ నడుస్తుండగా నిద్రపోకూడదు. క్యారవాన్ సౌకర్యమే కానీ ఘాట్ రోడ్డు మీద అంత పెద్ద బండి మొదటి ట్రిప్పుకు అనవసరం.

చిన్నపిల్ల వయసు నాలుగేళ్లు దాటి, అందరూ ఆరోగ్యంగా ఉన్న నలుగురి కుటుంబానికి నేను చెప్పేది ఇదీ: టెంట్ వాళ్లదే తీసుకోండి, పడక మాత్రం ఇంటి నుంచి పట్టుకెళ్లండి.

చలి కింద నుంచి వస్తుంది

లంబసింగి చింతపల్లి మండలంలో సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే, కొన్నేళ్లు సున్నా దాకా కూడా దిగిందని చెబుతారు. అక్కడివాళ్లు ఆ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట ఉండిపోయిన మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెప్పుకుంటారు. ఇది తెలిసినవాళ్లందరూ చేసే పని ఒకటే, రగ్గుల మీద రగ్గులు తీసుకెళ్లడం. ఆ రగ్గులన్నీ పైన కప్పుకుంటారు. అయినా వణుకుతారు.

పైన కప్పుకున్న రగ్గు వెచ్చగా ఉంచేది దాని పోగుల మధ్య నిలిచిన గాలి వల్ల. అదే రగ్గు, అదే స్లీపింగ్ బ్యాగు మన వీపు కింద పడితే బరువుకు అణిగి గాలంతా పోతుంది, మిగిలేది ఉత్త గుడ్డ. దాని కింద మంచు పట్టి తేమగా ఉన్న నేల. ఆ నేల ఒంట్లోని వేడిని రాత్రంతా లాగుతూనే ఉంటుంది. పెద్దవాళ్లు పక్కకు తిరిగి ముడుచుకుని సర్దుకుంటారు. పిల్లలు సన్నగా ఉంటారు, వెల్లకిలా పడుకుని నిద్రపోతారు, నిద్రలో రగ్గు తన్నేస్తారు. వాళ్లకే ముందు చలి తగులుతుంది.

క్యాంపు వాళ్లిచ్చే పరుపును ఒకసారి దగ్గరగా చూడండి. మామూలుగా రెండు మూడు అంగుళాల స్పాంజి, పైన రెక్సిన్ తొడుగు. అరచేత్తో నొక్కితే మెత్తగా, బాగానే ఉంటుంది. అరచేయి కాదు, మోకాలు ఆనించి బరువంతా దాని మీద వేయండి. మోకాలికి నేల గట్టిగా తగిలిందంటే ఆ స్పాంజి పని అయిపోయినట్టే. రాత్రి మీ తుంటి, భుజం ఆనేది కూడా అలాగే. తొడుగు అంచు తిప్పి అడుగువైపు తడిమి చూడండి. చల్లగా, జిగటగా తగిలితే అందులో నిన్నటి తేమ అలాగే ఉంది. తడి స్పాంజి లేనిదాని కన్నా అన్యాయం. దాన్ని బయట పెట్టేయండి.

కింద వేసుకోవడానికి ఏవి పనికొస్తాయి?

అడుగు పడకలు చలిని ఎంత ఆపుతాయో చెప్పడానికి ఆర్-వాల్యూ అనే అంకె వాడతారు. ఎంత ఎక్కువైతే అంత వెచ్చన. ఒకదాని మీద ఒకటి వేస్తే అంకెలు కలుస్తాయి, ఇది గుర్తుపెట్టుకోండి. రాత్రి 10 డిగ్రీలకు పైన ఉండే చోట 2 చాలు. 5 డిగ్రీల దగ్గరికి పోతే 3 నుంచి 4 దాకా ఉండాలి.

యోగా మ్యాటు అందరింట్లో ఉంటుంది కాబట్టి అందరూ అదే పట్టుకెళ్తారు. 6 మిల్లీమీటర్ల యోగా మ్యాటు విలువ 1 కూడా ఉండదు. గండికోటకే ఒక్కటి సరిపోదు, లంబసింగికి అసలే చాలదు. రెండో పొరగా మాత్రం బాగా పనికొస్తుంది.

గాలి కొట్టే ఎయిర్ బెడ్ చూడ్డానికి అన్నిటికన్నా సుఖం. చలిచోట అదే అన్నిటికన్నా మోసం చేస్తుంది. లోపల ఉన్నది ఖాళీ గాలి, అది అటూ ఇటూ కదులుతూ కింది చల్లదనాన్ని పైకి మోస్తుంది. పైగా సాయంత్రం 25 డిగ్రీల్లో గట్టిగా గాలి కొట్టిన పరుపు తెల్లవారుజామున 8 డిగ్రీలకు వచ్చేసరికి లోపలి గాలి ముడుచుకుని మెత్తబడుతుంది. పంక్చర్ అయిందనుకుని అర్ధరాత్రి టార్చి వేసి వెతుకుతారు, ఎక్కడా ఉండదు. తండ్రి ఇటు తిరిగితే పక్కన పిల్లాడు ఎగిరిపడతాడు. మీ దగ్గర ఇప్పటికే ఉంటే తీసుకెళ్లండి, కానీ దాని మీద ఒక ఫోమ్ పొర వేసి, పడుకోబోయే ముందు మళ్లీ నాలుగు దమ్ములు గాలి కొట్టండి. కొత్తగా కొనాల్సిన వస్తువైతే కాదు.

వాల్వు తిప్పగానే తనంతట తాను సగం ఉబ్బే పరుపులు వేరు. వాటిలో గాలితోపాటు స్పాంజి కూడా ఉంటుంది, అందుకే గాలి కదలదు. మూడు నాలుగు సెంటీమీటర్ల మందం ఉన్నది 3 అంకె దాకా వస్తుంది. అన్నిటిలోకీ మంచిది ఇదే. నలుగురికీ కొనడం ఖర్చు కాబట్టి మొదటి ట్రిప్పుకు ఎవరూ కొననక్కర్లేదు.

మొదటి ట్రిప్పుకు నేను ముందు చూసేది పిల్లల పజిల్ మ్యాట్లు. అక్షరాలో అంకెలో ఉండి ఒకదానికొకటి పళ్లతో అతుక్కునే రంగురంగుల ఫోమ్ పలకలు. చాలా ఇళ్లలో పిల్లలు పాకేటప్పుడు కొన్నవి అటక మీద ఉంటాయి. అందులో 60 సెంటీమీటర్ల చదరపు పలకలు, 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉన్నవి కావాలి. అక్షరం ఊడిపోయి చిల్లు పడినవి వద్దు, ఆ చిల్లులోంచే చలి తగులుతుంది. ఈ ఫోమ్‌లో బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి, నీళ్లు పీల్చదు, బరువుకు అణగదు. ముగ్గురి టెంట్‌కు 9 పలకలు వేస్తే 180 బై 180 సెంటీమీటర్ల నేల కప్పుతుంది. నలుగురి టెంట్‌కు 12 పలకలు, అంటే 240 బై 180. కాళ్ల దగ్గర మిగిలే సందులో సంచులు పెట్టుకోవచ్చు. పళ్లతో అతుక్కుంటాయి కాబట్టి రాత్రి పక్కకు జరిగిపోవు. విడివిడి మ్యాట్లతో వచ్చే పెద్ద చిక్కు అదే, తెల్లారేసరికి పిల్ల రెండు మ్యాట్ల మధ్య సందులో నేల మీద ఉంటుంది.

ఫోమ్ మీద గొంగడి వేయండి. కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే నల్ల గొంగడి ఇంట్లో ఉన్నా, ఊళ్లో ఎవరి దగ్గరైనా దొరికినా అదృష్టమే. ఉన్ని పోగు బిరుసుగా ఉంటుంది, మన బరువుకు పూర్తిగా అణగదు, కాస్త తేమ తగిలినా వెచ్చదనం పోదు. గొర్రె కాపర్లు వానల్లో, చలిలో మందల వెంట తిరిగింది దాన్ని నమ్ముకునే. అందరూ దాన్ని పైన కప్పుకుంటారు, గుచ్చుకుంటుందని పిల్లలు తోసేస్తారు. అడుగున వేసి మీద దుప్పటి పరిస్తే గుచ్చుకోదు, విలువంతా అక్కడే దక్కుతుంది. గొంగడి లేకపోతే పాత చీరల బొంత. బొంత మందంగా ఉంటుంది కానీ నూలు తేమ పీలుస్తుంది, తడిస్తే చల్లబడి మర్నాటికి గానీ ఆరదు. అందుకని దాన్ని నేరుగా టెంట్ నేల మీద వేయకూడదు, కింద ఫోమ్ ఉండాలి.

ఏమీ దొరకని పరిస్థితిలో అట్టపెట్టెలు. ఫ్రిజ్జు, టీవీ వచ్చిన పెద్ద పెట్టెలు విప్పి రెండు వరసలు పరిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపిస్తుంది. పొడిగా ఉన్నంతసేపే. వరిగడ్డి పరుచుకోవడం పాత పద్ధతే, నిజంగానే వెచ్చగా ఉంటుంది. కానీ పక్కనే చలిమంట, గడ్డిలో పురుగూ పుట్రా, పిల్లలతో వద్దు. మడత మంచం కూడా చాలామంది అడుగుతారు. నేల తగలదు నిజమే, కింద చల్లగాలి మాత్రం ఆడుతూనే ఉంటుంది. దాని మీద కూడా ఫోమ్ వేసుకోవాల్సిందే. చిన్న టెంట్‌లో మంచం కాళ్లు అడుగు పట్టాను చించుతాయి.

మొత్తం మీద నలుగురికీ లెక్క ఇది: 12 పజిల్ పలకలు, వాటి మీద రెండు గొంగళ్లు లేదా బొంతలు, ఆపైన ఒక దుప్పటి. 5 డిగ్రీల చలి ఉండే చోటైతే, గొంగడి అయినా బొంత అయినా, యోగా మ్యాట్లు కూడా మధ్యలో వేయండి. ఇదంతా కారు డిక్కీలో సగం చోటు తీసుకుంటుంది. బస్సులోనో రైల్లోనో వెళ్తుంటే ఇంత మోయలేరు, అప్పుడు కాటేజీ వైపు మొగ్గడమే నయం.

పైన కప్పుకునేవి

స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు అంకెలు ఉంటాయి. కంఫర్ట్ అని రాసి ఉన్నదే మనకు. లిమిట్ అనేది చలికి అలవాటుపడ్డ మనిషి ముడుచుకుని నెట్టుకురాగల ఉష్ణోగ్రత, ఎక్స్‌ట్రీమ్ అనేది ప్రాణం నిలిచే హద్దు. సంచీ మీద పెద్ద అక్షరాల్లో ఏది రాశారో చూసుకోకుండా కొంటే మోసపోతారు. లంబసింగికి కంఫర్ట్ 5 డిగ్రీలదైనా ఉండాలి. లేకపోతే ఇద్దరికి కలిపి డబుల్ మింక్ బ్లాంకెట్ ఒకటి, మనిషికో శాలువా. కుటుంబానికి నిజానికి ఇదే మేలు, పిల్లలు మధ్యలో పడుకుంటే ఒకరి వేడి ఒకరికి అందుతుంది.

పెద్దవాళ్ల బ్యాగులో పిల్లను పడుకోబెడితే కాళ్ల కింద ఖాళీ మిగిలి రాత్రంతా చల్లగా ఉంటుంది. ఆ ఖాళీ భాగాన్ని కిందకు మడిచి వేయండి. పడుకునే ముందు చెమట పట్టిన బట్టలన్నీ, సాక్సులతో సహా, మార్చాలి. చలిమంట దగ్గర ఆడిన పిల్లల బనీన్లు తడిగా ఉంటాయి, పైకి తెలియదు. ఉన్ని టోపీ తప్పనిసరి. మూత గట్టిగా బిగిసే స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, సాక్సు తొడిగి, పడుకోవడానికి పావుగంట ముందు పక్కలో పెడితే కాళ్ల దగ్గర వెచ్చగా ఉంటుంది. సీసా తలకిందులు చేసి కారడం లేదని చూసుకున్నాకే పెట్టండి.

టెంట్ విషయంలో చూడాల్సినవి

ముగ్గురి టెంట్ అంటే మనిషికి సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు లెక్క. రైల్లో స్లీపర్ బెర్తుకు దగ్గరదగ్గర. అంటే సంచులకు చోటుండదు. రాసిన అంకెలోంచి ఒకటి తీసేసుకోండి. నలుగురికి రెండు ముగ్గురి టెంట్లు తీసుకుని, తల్లి దగ్గర ఒక పిల్ల, తండ్రి దగ్గర ఒక పిల్ల పడుకోవడం బాగా కుదురుతుంది. అప్పుడు 12 పలకలు టెంట్‌కు ఆరేసి వేస్తే ఇద్దరి పడకకు సరిపోతాయి. గుమ్మాలు ఎదురెదురుగా ఉండేట్టు వేయించుకోండి.

ఫోనులో బుక్ చేసేటప్పుడు అడగాల్సింది మొదట అడుగు పట్టా గోడలతో కలిపి కుట్టి ఉందా అని. ఇది సుఖం కోసం అడిగే ప్రశ్న కాదు. కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది, కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. అడుగు కుట్టి ఉండి జిప్పు పూర్తిగా మూసిన టెంట్‌లోకి అది రాలేదు. అందుకే జిప్పు పాడైన టెంట్ ఎంత మంచి చోట ఉన్నా మార్పించుకోండి. పిల్లలకు వచ్చినా పోయినా జిప్పు మూసే అలవాటు మొదటి గంటలోనే చేయాలి. చెప్పులు లోపల పెట్టుకోండి, బయట ఉంచితే దులిపి తొడుక్కోండి, తేళ్లుంటాయి. ఎవరికైనా కాటు అనుమానం వస్తే కట్టు కట్టడం, కోయడం వద్దు. కదలనివ్వకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. కొండల్లో సిగ్నల్ ఎక్కడ అందుతుందో వెళ్లగానే చూసి పెట్టుకోండి.

టెంట్ మీద విడిగా కప్పే పైతొడుగు (రెయిన్‌ఫ్లై) ఉందా లేదా చూడండి. అది లోపలి గుడ్డకు తగలకుండా కాస్త ఎడంగా నిలబడాలి. తగిలితే అక్కడి నుంచే చెమ్మ దిగుతుంది. తెల్లవారుజామున లోపలి గోడ మీద వేలు పెట్టి గీస్తే తడి అంటుకుంటుంది, సన్నటి చుక్కలు జారుతాయి. టెంట్ కారుతోందని గొడవపడతారు కానీ అది వాన నీరు కాదు, రాత్రంతా మనం వదిలిన ఊపిరి. చలి అని కిటికీలన్నీ మూసేసినవాళ్లకే ఇది ఎక్కువ. పై కిటికీ నాలుగు వేళ్లు తెరిచి ఉంచాలి, పక్కబట్టలు గోడకు తగలకుండా సర్దుకోవాలి.

అడుగున అదనంగా పట్టా వేస్తే అది టెంట్ అంచుల లోపలే ఉండాలి. బయటకు కనిపించిందంటే పైనుంచి జారిన మంచు నీళ్లన్నీ పట్టా మీద పడి టెంట్ కిందకు చేరతాయి. గండికోటలో చలి కన్నా గాలి సమస్య. పెన్నా లోయ అంచున అంతా రాయి, మేకులు దిగవు. తాళ్లను తలకాయంత రాళ్లకు చుట్టి కట్టాలి, లోపల నాలుగు మూలలా బరువు పెట్టాలి. ఫొటో కోసం లోయ అంచుకు టెంట్ జరపమని మాత్రం అడగొద్దు, పిల్లలు చీకట్లో లేస్తారు. మట్టి నేల అయితే మేకు నిటారుగా కాదు, తల టెంట్‌కు ఎడంగా వాలేట్టు ఏటవాలుగా కొట్టాలి. పల్లంలో, వాగు ఒడ్డున, ఎండుకొమ్మలున్న చెట్టు కింద వేసిన టెంట్ వద్దు. చల్లగాలి బరువెక్కి పల్లానికే దిగుతుంది, పది అడుగులు ఎత్తున వేసినా తేడా తెలుస్తుంది.

మరుగుదొడ్డి ఎన్ని అడుగుల దూరం, ఎన్ని టెంట్లకు ఒకటి, రాత్రి లైటు ఉంటుందా, నీళ్లు ఉంటాయా, ఇవన్నీ మొహమాటం లేకుండా ఆడవాళ్లే ఫోనులో అడగడం మంచిది. 50 అడుగులు దాటితే రాత్రి 3 గంటలకు పిల్లను తీసుకెళ్లడం పెద్ద పని. మూతున్న చిన్న బకెట్ ఒకటి పెట్టుకోండి. రాత్రి పాటలు ఎన్నింటికి ఆపుతారో కూడా అడగండి. శనివారం కాకుండా ఆదివారం రాత్రి వెళ్తే సగం గోల తగ్గుతుంది.

వంట: మనమా, వాళ్లా?

రాత్రి భోజనం వాళ్లకే చెప్పండి. దిగిన రోజు చీకట్లో పొయ్యి పెట్టుకోవడం అనవసరపు హడావిడి. ఇంటి నుంచి పులిహోర, పొడులు, చపాతీలు తీసుకెళ్తే పిల్లల సంగతి చూసుకోవచ్చు. పొద్దున్న టీ, పాలు, ఉప్మా మాత్రం సొంతంగా చేసుకుంటే సరదా.

దానికి బ్యూటేన్ డబ్బా పొయ్యి చాలు. 8 డిగ్రీల చలిలో మంట నీరసంగా వస్తే పొయ్యి పాడైందనుకోకండి. గ్యాసు ఖర్చయ్యే కొద్దీ డబ్బా ఇంకా చల్లబడి లోపలి ఒత్తిడి పడిపోతుంది. రాత్రంతా బయట వదిలేయకుండా కారులో ఉంచి పొద్దున్నే తీస్తే కాస్త నయం. రైల్లో గ్యాసు డబ్బాలు తీసుకెళ్లనివ్వరు. 1,000 మీటర్ల ఎత్తులో నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి, అన్నం గిన్నెలో వండితే కాస్త ఎక్కువ సేపు పడుతుంది. నలుగురికి ఒక రాత్రి, ఒక పూటకు 20 లీటర్ల నీళ్ల క్యాను ఒకటి తాగడానికీ వంటకూ సరిపోతుంది.

ఎంత చలేసినా కుంపటి గానీ బొగ్గులు గానీ గ్యాసు పొయ్యి గానీ టెంట్ లోపలికి తేకూడదు. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిమంట టెంట్‌కు కనీసం ఐదు మీటర్ల దూరంలో, గాలి టెంట్ వైపు నుంచి మంట వైపు వీచేట్టు ఉండాలి. ఒక్క నిప్పురవ్వ చాలు, పాలిస్టర్ గుడ్డకు చిల్లు పడుతుంది. పడుకునే ముందు నీళ్లు పోసి, కలియబెట్టి, చేత్తో తాకగలిగేదాకా ఆర్పాలి.

పాడేరు, చింతపల్లి వైపు మలేరియా ఉన్న ప్రాంతం. దోమల క్రీము రాయాలి, సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కాలు వేయాలి. గడ్డిలో ఉండే సన్నటి పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది, అందుకని గడ్డి మీద నేరుగా కూర్చోవద్దు, పట్టా వేసుకోండి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకు ఈ ప్రయాణం సంగతి చెప్పండి.

సొంత టెంట్ ఎప్పుడు?

రెండు మూడు ట్రిప్పులు అయ్యాక, పిల్లలు మళ్లీ వెళ్దామని అడిగాక. అప్పటికి మీకు ఎంత ఎత్తు కావాలో, ముందు వరండా అవసరమో కాదో తెలుస్తుంది. కొనేటప్పుడు పైతొడుగు నీటి తట్టుకోలు (గుడ్డ ఎంత ఎత్తు నీటి ఒత్తిడి దాకా కారకుండా ఆపుతుందో చెప్పే అంకె) 2,000 మిల్లీమీటర్లు, అడుగు 3,000 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా చూడండి. మేకులు లేకుండా తనంతట తాను నిలబడే గుమ్మటం రకమే మన రాతి నేలలకు నయం. వెళ్లేముందు మేడ మీద ఒకసారి పిల్లలతో కలిసి వేసి, తీసి, మళ్లీ సంచీలో పట్టేట్టు మడవాలి. మేడ మీదే ఆ రాత్రి పడుకోండి. ఆ పడక పరుపు లెక్క సరిపోయిందో లేదో కొండ ఎక్కకముందే తెలిసిపోతుంది. సొంత టెంట్ కొనకపోయినా ఈ పని చేయొచ్చు, పలకలూ గొంగళ్లూ మేడ మీద పరిచి పడుకుంటే చాలు.

పొద్దున్నే మబ్బులు చూడ్డానికి అందరూ పరుగెత్తే ముందు ఒక్క నిమిషం ఆగి పక్కబట్టలు తిరగేసి పడేయండి. అడుగున చేరిన తేమ ఎండెక్కేసరికి ఆరుతుంది. తడిగా చుట్టి డిక్కీలో పడేస్తే ఇంటికి వచ్చేసరికి వాసన పడుతుంది. గొంగడిని ఇంటికొచ్చాక ఉతకొద్దు, ఒక రోజంతా ఎండలో వేసి, దులిపి, వేపాకు మధ్య పెట్టి మడిచేయండి.